దుర్బీను కింద ఇత్తడి రేకు

మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే పిలుచుకుంటాం. రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో ఉన్న గఫార్ కళ్లద్దాల దుకాణం తెలియనివాళ్లు మా ఊళ్లో తక్కువ. అద్దాల సంగతి గఫార్ చూస్తాడు. ఫ్రేముల సంగతి అతని భార్య కహ్కషాన్ చూస్తుంది. విరిగిన కాలు, వదులైన కీలు, ఊడి ఎక్కడో పడిపోయిన చీమ తలంత స్క్రూ, ఏదైనా సరే ఆమె చేతికి పోతే మళ్లీ రెండేళ్లు దాని గురించి ఆలోచించే పని ఉండదు. పదేళ్లుగా నా కళ్లజోడు ఆమె చలవతోనే నడుస్తోంది. ఆమె కథ మాత్రం నాకు కిందటేడాదే తెలిసింది. అదీ ముక్కలు ముక్కలుగా, దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఎదురుచూసిన సాయంత్రాల్లో.

కహ్కషాన్ పుట్టింది జనగామలో. తండ్రి అబ్దుల్ బారీకి అక్కడ తుపాకుల మరమ్మతు దుకాణం ఉండేది, సర్కారు లైసెన్సుతో. ఆ రోజుల్లో పొలాలూ తోటలూ ఉన్న చాలా ఇళ్లలో ఒక తుపాకీ ఉండేది. భుజానికి ఆనించే కర్ర పగిలిందనో, వేలితో నొక్కే ఘోడా పడటం లేదనో, గురి తప్పుతోందనో బారీ సాబు దగ్గరికి తెచ్చేవారు. దంతాలపల్లి నుంచి, బయ్యారం నుంచి, అటు భూపాలపల్లి అడవి అంచు ఊళ్ల నుంచి కూడా వచ్చేవారు. బారీ సాబు చెయ్యి పడితే ఇక చూసుకోనక్కర్లేదని ఆయనకు పేరు.

కహ్కషాన్‌కు పదిహేనేళ్లప్పుడు ఆ చెయ్యి వణకడం మొదలైంది. మొదట చాయ్ కప్పు సాసర్ మీద టకటకలాడింది. తర్వాత పనిలో ఆకురాయి జారింది. ఒకరోజు మధ్యాహ్నం చిన్న స్క్రూ ఒకటి ఆయన వేళ్ల మధ్య నుంచి మూడుసార్లు కింద పడింది. మూడుసార్లూ కూతురే వెతికి ఇచ్చింది. నాలుగోసారి ఇవ్వలేదు. తనే కూర్చుని దాన్ని బిగించింది.  మర్నాడు అబ్దుల్ బారీ దుకాణం మధ్యలో ఒక పరదా కట్టించాడు.

ఆ పరదా వెనక ఆమె ఎనిమిదేళ్లు పనిచేసింది. ఉదయం బడికి, ఆ తర్వాత కాలేజీకి పోయేది. తిరిగి రాగానే వెనక తలుపులోంచి లోపలికి వచ్చేది. ముందు తండ్రి కూర్చుని గిరాకీలతో మాట్లాడేవాడు, ఏదో ఒక కర్రను గుడ్డతో తుడుస్తూ. వెనక లేత్ మీద స్క్రూలు తీసింది ఆమె, స్ప్రింగులు చేసింది ఆమె, గురి సరిచేసింది ఆమె. బయట మాటలు పరదా ఇవతలికి స్పష్టంగా వినిపించేవి. "బారీ సాబూ, నీ చెయ్యి చెయ్యే" అని ఎవరో అనేవారు. తండ్రి "అల్లా దయ" అనేవాడు. ఆమె ఆకురాయి ఆపి వినేది, మళ్లీ పని మొదలుపెట్టేది.

తండ్రి ఎప్పుడూ మెచ్చుకోలేదు. చేసిన పనిని వెలుతురుకు పెట్టి చూసి, ముక్కుతో ఒక శబ్దం చేసి, బల్ల మీద పెట్టేవాడు. బాగాలేకపోతే మాత్రం చెప్పేవాడు. స్క్రూ తల మీద గాడి ఎప్పుడూ లోతు తక్కువ కోస్తుందని ఆమె మీద ఆయనకు కోపం. "గింత పైపైన కోస్తే రేపు విప్పెటోడు ఎట్ల విప్పాలె?" అనేవాడు. ఆ ఒక్క తప్పును ఆమె చివరి దాకా దిద్దుకోలేకపోయింది.

ఆ తర్వాత రోజులు మారాయి. అడవిలో నక్సలైట్ల దళాలు తిరిగే కాలం. తుపాకీ ఇంట్లో ఉంటే దళం వచ్చి పట్టుకుపోతుందని భయం, లేకపోతే పోలీసులు వచ్చి అడుగుతారని భయం. ఒక్కొక్క కుటుంబమే తీసుకుపోయి స్టేషన్‌లో అప్పగించింది. బారీ దుకాణానికి వచ్చే మనిషి లేకుండాపోయాడు. ఒక ఎండాకాలం కహ్కషాన్ వరంగల్‌లో మేనత్త ఇంట్లో పదిరోజులుండి వచ్చేసరికి లేత్ లేదు. పరదా లేదు. దుకాణానికి తాళం. ఆమెకు ఇరవై మూడేళ్లు. తండ్రి ఆమెను ఒక మాట అడగలేదు. ఆమె కూడా ఎందుకని అడగలేదు. మరుసటేడు గఫార్‌తో పెళ్లయి మానుకోట వచ్చింది. అబ్దుల్ బారీ 2017లో చనిపోయే దాకా ఆ ముచ్చట వాళ్లిద్దరి మధ్య రాలేదు.

గఫార్ మంచివాడు. పెళ్లయిన నెలకే ఆమె వేళ్లు చూసి, "ఈ వేళ్లు గిన్నెలు తోమడానికే అయితే అన్యాయం" అని ఫ్రేముల పని అప్పజెప్పాడు. ఆమెకు ఆ పని ఇష్టమే. కానీ కళ్లజోడు స్క్రూ తిరిగేటప్పుడు బరువుండదు. ఉక్కు ఉక్కును పట్టుకునేటప్పుడు చేతికి తెలిసే ఆ చివరి బిగువు అందులో లేదు. ఆమె నాతో అన్న మాట ఇది: "సార్, అన్నం తింటనే ఉన్న. ఉప్పు ఒక్కటే తక్కువ."

బ్యాంకుకు పోతే తలుపు దగ్గర కాపలాదారు తుపాకీనే చూసేది. దాని ఘోడా కింది కమానుకు ఒక స్క్రూ లేదు. రెండేళ్ల నుంచి లేదు. ఒకరోజు ఉండబట్టలేక, "అన్నా, మీ బందూకుకు కింద స్క్రూ పోయింది, చూసినవా?" అంది. అతను ఆమెను పైనుంచి కింది దాకా చూసి తుపాకీని అవతలి భుజానికి మార్చుకున్నాడు. ఆ తర్వాత నుంచి ఆమె బ్యాంకుకు గఫార్‌ను పంపడం మొదలుపెట్టింది.

కిందటేడు భాద్రపదంలో, ఒక మధ్యాహ్నం దుకాణానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. డెబ్బై దాటిన వయసు, తెల్లచొక్కా, కాళ్లకు బురద. చేతిలో తువ్వాలు చుట్టిన వస్తువు. గఫార్ ముందు విప్పాడు. అది దుర్బీను. రైఫిల్ మీద బిగించి, దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూసి గురిపెట్టే గొట్టం. దానికి రెండు రింగులు ఇంకా తగిలే ఉన్నాయి.

"జర అద్దం చూడు నాయినా," అన్నాడు. "లోపల ఏమన్న కదిలిందా? గురి నిలుస్తలేదు."

గఫార్ వెలుతురుకు పట్టి చూశాడు. "అద్దం మంచిగనే ఉంది సాబ్."

"మంచిగుంటే మరెందుకు తప్పుతది? మొదటి దెబ్బ పెట్టినకాడనే పడుతది. మూడోది జానెడు పక్కకు పోతుంది. రింగులు బిగిస్త. మళ్ల లూజ్. మళ్ల బిగిస్త. మళ్ల లూజ్."

లోపల కూర్చున్న కహ్కషాన్ చేతిలో ఫ్రేము పక్కన పెట్టింది. లేచి వచ్చి దుర్బీనును చేతిలోకి తీసుకుంది. రింగుల స్క్రూల తలలు అరిగి గుండ్రమైపోయాయి. అంటే ఈయన బలమంతా పెట్టి తిప్పాడు. గొట్టం మీద రింగు కొరికిన గుర్తు లోతుగా ఉంది. కానీ రింగు లోపల గొట్టం జారితే వెండిగీత పడాలి. ఆ గీత లేదు.

"రింగుల తప్పు లేదు సాబ్," అంది ఆమె. "రింగులు నిలబడ్డ కింది పట్టీ కదులుతున్నది. పట్టీ రైఫిల్ మీద కదిలితే, పైన రింగులను ఎంత బిగిస్తే ఏం లాభం?"

పెద్దమనిషి ఆమె వైపు అప్పుడు చూశాడు. "నీకెట్ల ఎరుక బిడ్డా?"

"మా అబ్బా గీ పనే చేసేటోడు. జనగామల. అబ్దుల్ బారీ."

ఆయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "బారీ సాబు బిడ్డవా? ఆ పట్టీ బిగించింది బారీ సాబే. తొంబైనాలుగుల. నా పేరు రఘునాథ్, దంతాలపల్లి. సాబు మంచిగున్నడా?"

పోయాడని చెప్పింది. రఘునాథ్ మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. "అసొంటి చెయ్యి మళ్ల రాదు," అన్నాడు. కహ్కషాన్ దుర్బీనును తువ్వాల్లో చుట్టి ఇచ్చింది.

అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పాడు. దంతాలపల్లి చుట్టుపక్కల మక్కజొన్న చేలను అడవిపందులు నాశనం చేస్తున్నాయి. ఒక్క రాత్రిలో ఎకరం నేలమట్టం. రైతులంతా అర్జీ పెట్టుకుంటే పందులను కాల్చడానికి అనుమతి వచ్చింది. ఊళ్లో లైసెన్సున్న రైఫిల్ ఉండి, దాన్ని పట్టగల మనిషి రఘునాథ్ ఒక్కడే. వారం కింద తెల్లారగట్ల బిక్షపతి అనే కౌలు రైతు చేనులో ఒక మగపందిని చూసి రఘునాథ్ కాల్చాడు. గుండె మీద పెట్టిన గురి నడుముకు తగిలింది. దెబ్బతిన్న పంది వెనక్కి తిరిగి బిక్షపతి మీదికి వచ్చింది. తొడ చీలిపోయింది. పద్దెనిమిది కుట్లు. అతను మానుకోట దవాఖానలోనే ఉన్నాడు. కట్టు మార్చే వేళ రోజూ రఘునాథ్ వచ్చి పక్కన కూర్చుంటున్నాడు.

"నా కండ్లు పోయినయనుకున్న," అన్నాడు. "చెయ్యి పోయిందనుకున్న. ఇగ రైఫిల్ స్టేషన్ల ఇచ్చేద్దామనుకున్న. ఆఖరుకు అద్దం ఒక్కటి చూపిద్దామని వచ్చిన. రేపు రైఫిల్ తీసుకొస్త, జర చూస్తవా?"

"ఇక్కడికి తేవొద్దు సాబ్. నాకు లైసెన్సు లేదు. నేను బందూకు ముట్టొద్దు." ఆ మాట అనడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. "నేనే మీ ఇంటికొస్త. మీ చేతుల్తోనే విప్పుదురు. ఎట్లనో నేను చెప్త."

ఆ ఆదివారం గఫార్ బండి మీద దంతాలపల్లి పోయారు. ఇంటి ముందు వసారాలో చాప పరిచి, రఘునాథ్ రైఫిల్ తెచ్చాడు. ఇరవై అయిదేళ్ల తర్వాత రైఫిల్ ఒకటి ఆమె ముందుకు వచ్చింది. కర్రకు రాసిన నూనె వాసన ముందు తగిలింది. ఆమె రెండు చేతులూ దుపట్టాలో చుట్టేసుకుని కూర్చుంది.

"ముందుగాల తూటాను లోపలికి నెట్టే బోల్ట్ తీసి దూరం పెట్టండి. లోపల ఏం లేదని నాకు చూపించండి."

ఆయన చూపించాడు.

"ఇప్పుడు బొటనవేలు పట్టీకి, రైఫిల్‌కు నడుమ సందు మీద పెట్టండి. స్క్రూడ్రైవర్ చెక్కపిడితోని పైనుంచి మెల్లగ కొట్టండి. మెదులుతున్నదా?"

"లేదు."

"వెనక చివర?"

"లేదు బిడ్డా. బండలెక్క ఉంది."

"ముందటి చివర?"

ఆయన కొట్టాడు. డెబ్బై రెండేళ్ల బొటనవేలుకు ఏమీ తెలియలేదు. కానీ కహ్కషాన్ చెవికి తెలిసింది. వెనక కొట్టినప్పుడు ఒకటే శబ్దం. ముందు కొట్టినప్పుడు రెండు, ఒకదాని వెంట ఒకటి, వెంట్రుకవాసి తేడాతో. ఆమె వేళ్లు దుపట్టా లోపల ముడుచుకున్నాయి. ఒక్క క్షణం తన వేలు ఆ సందు మీద పెడితే చాలు. పెట్టలేదు.

"ముందటి రెండు స్క్రూలు విప్పండి," అంది.

అవి మొరాయించాయి. స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారింది. "ఎవడు కోసిండో గాని గాడి పైపైన కోసిండు," అని రఘునాథ్ గొణిగాడు.  మొదటిది బయటికొచ్చింది. ఆయన దాన్ని ఆమె ముందు చాప మీద పెట్టాడు. వేలిగోరంత ఉక్కు స్క్రూ. విడిగా ఉన్న స్క్రూ తుపాకీ కాదు కదా అని తనకు తనే చెప్పుకుని ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది.

కొన మెరుస్తోంది. రాపిడికి చదునైంది. అంటే ఈ స్క్రూ రంధ్రం అడుగుకు పోయి ఆనుతోంది. ఆనగానే ఇంక తిరగదు, చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది. కానీ తల పట్టీని నొక్కడం లేదు. బిగువంతా రంధ్రం అడుగు మీదే, పట్టీ మీద ఏమీ లేదు. ప్రతి తూటాకు పట్టీ కొంచెం ఎగురుతుంది, పైన రింగులను కుదుపుతుంది.

"స్క్రూ పొడుగైంది సాబ్."

"ముప్పై ఏండ్ల సంది అదే స్క్రూ కదా. ఇప్పుడెట్ల పొడుగైతది?"

ఆ ప్రశ్న సరైనది. ఆమె పట్టీ మొత్తం విప్పించింది. దాని అడుగుభాగాన్ని, రైఫిల్ పైభాగాన్ని ఎండ పడేటట్టు పట్టుకోమంది. ముందు వైపు ఉక్కు మీద పాత తుప్పు తిన్న చోటు, దాన్ని ఎప్పుడో ఆకురాయితో రాకి చదును చేసిన ఆనవాలు. అక్కడ రైఫిల్ కొంచెం లోతుగా ఉంది. ఆ చదును చివర సన్నటి పసుపు గీత, నలుపులో కలిసిపోయి.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్లు. వానాకాలం. తుప్పు తిన్న రైఫిల్ ఒకటి, బొంబాయిలో కొన్న పాత దుర్బీను ఒకటి. తుప్పును రాకేసరికి సందు మిగిలింది. ఆ సందులో పెట్టడానికి ఇత్తడి రేకు కోసి, సరిపోక మళ్లీ కోసి, ఏడోసారికి సరిచేసింది. రేకు మందాన్ని కలుపుకుని స్క్రూ పొడవు లెక్కపెట్టింది.

"ఈ మధ్య ఎవరన్న దీన్ని విప్పిండ్రా?"

"మూడేండ్ల కింద పాత దుర్బీను మసకేసింది. పట్నంల కొత్తది బిగించుకొచ్చిన. వాండ్లు అంత విప్పి మంచిగ తుడిచి ఇచ్చిండ్రు."

"పట్టీ కింద చిన్న ఇత్తడి రేకు ఉండాలె. తుడిచినప్పుడు అదేందో చెత్త అనుకొని పారేసినట్టున్నరు. ఆ రేకు పోయింది, స్క్రూ పొడుగైంది. అంతే సాబ్. మీ కండ్లు మంచిగనే ఉన్నయి. మీ చెయ్యి మంచిగనే ఉంది."

రఘునాథ్ ముఖం కిందికి దించుకున్నాడు. కాసేపటికి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "బారీ సాబు రేకు పెట్టిండని నీకెట్ల తెలిసె? అప్పుడు నువ్వు చిన్నపిల్లవు."

గఫార్ భార్య వైపు చూశాడు. అతనికి ఆ సంగతి పెళ్లినాటి నుంచీ తెలుసు. ఆమె ఎవరితోనూ అనదని కూడా తెలుసు.

"అబ్బా పెట్టలేదు సాబ్," అంది కహ్కషాన్. "నేను పెట్టిన. ఆ స్క్రూలు నేను తీసిన. గాడి పైపైన కోసింది నేనే."

 రఘునాథ్ స్క్రూను చూశాడు, ఆమెను చూశాడు. పరదా సంగతి, వణికిన చెయ్యి సంగతి ఆమె నాలుగు మాటల్లో చెప్పింది.  అంతా అయ్యాక మంచినీళ్లు అడిగింది.

"ముప్పై ఏండ్ల సంది ఊరంత బారీ సాబు చెయ్యి అని చెప్పిన," అన్నాడాయన. "గది నీ చెయ్యా?"

"చెయ్యి నాదే. నేర్పింది ఆయన."

ఆ తర్వాత పని సాగింది. కళ్లద్దాల కీళ్లకు వాడే ఇత్తడి రేకు ఆమె వెంట తెచ్చుకుంది. సందు ఎంతుందో మందం కొలిచే పలుచటి ఉక్కు పలకలతో రఘునాథ్ చేత కొలిపించి, రేకు తనే కోసింది. రేకు తుపాకీ కాదు. ఆ ఒక్క ముక్క మీద ఆమె గంటసేపు గడిపింది. అంత అవసరం లేదు. గఫార్ తొందరపెట్టలేదు.

స్క్రూలకు, రంధ్రాలకు నూనె ఉంటే ఎన్నడూ నిలవదని, స్పిరిట్‌తో కడిగించింది. స్క్రూల మరల మీద, అవి వదులుకాకుండా పట్టుకునే నీలం గమ్ము ఒక్కొక్క చుక్క వేయించింది. పట్టీ బిగిసిన తర్వాత రింగులు. అరిగిన స్క్రూలు పారేసి కొత్తవి. "రింగులను ముందుకు నెట్టి పట్టుకొని బిగించండి సాబ్. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు దుర్బీను ముందుకు పోవాలని చూస్తది. ఇప్పుడే ముందుకు ఆనుకొని ఉంటే ఇగ పోవుడుండదు." రింగుకు రెండు వైపులా సందు సమానంగా ఉండాలంది. ఈ వైపు కొంచెం, ఆ వైపు కొంచెం తిప్పాలంది. ఆయన పాత అలవాటు కొద్దీ పిడికిలి బిగిస్తుంటే, "రెండు వేళ్లు సాబ్, రెండే వేళ్లు," అని ఆపింది. ఆఖరికి రింగుకూ పట్టీకీ కలిపి, పట్టీకీ రైఫిల్‌కూ కలిపి తన గోళ్లరంగుతో సన్నని గీతలు గీయించింది. ఏది కదిలినా గీత విరిగి చూపిస్తుంది.

గమ్ము ఆరడానికి ఒక రోజు ఆగాలి. మంగళవారం పొద్దున స్టేషన్‌లో చెప్పి, రఘునాథ్ తన పొలం చివరి పాత రాళ్లక్వారీలో గురి చూసుకున్నాడు. కహ్కషాన్ కూడా వెళ్లింది. గఫార్ దుకాణం మూసేశాడు, పెళ్లయ్యాక మంగళవారం మూయడం అదే మొదలు. అయిదు తూటాలు. అయిదూ అరచేతిలో పట్టేంత చోటులో పడ్డాయి. రఘునాథ్ బోల్ట్ తీసి, రైఫిల్ ఆమె కళ్లకు దగ్గరగా పట్టాడు. గోళ్లరంగు గీతలు ఎక్కడా విరగలేదు.

ఆమె చాలాసేపు చూసింది. తర్వాత ముక్కుతో ఒక శబ్దం చేసింది. అలా చేశానని తనకు ఇంటికొచ్చే దారిలో గఫార్ చెప్తే గాని తెలియలేదట.

బిక్షపతికి నెలన్నరకు నడక వచ్చింది. ఆ పంది మళ్లీ అతని చేనులోకి రాలేదు, వేరేవి వచ్చాయి. రఘునాథ్ వాటి సంగతి చూసుకున్నాడు. బిక్షపతి మక్కల్లో సగం ఇంటికి చేరాయి. రఘునాథ్ మాత్రం ఒకచోట కుదురుగా కూర్చోలేదు. రెండుసార్లు మానుకోట వచ్చి, "బిడ్డా, లైసెన్సుకు పెట్టుకో. నేను చెప్పవలసినకాడ చెప్త. ముప్పై ఏండ్లు నేను తప్పు చెప్పిన, ఇప్పుడన్న సరిగ చెప్పనియ్యి," అన్నాడు.

దరఖాస్తుకు తండ్రి పాత లైసెన్సు నంబరు ఉంటే మంచిదన్నారు. ఆ కాగితం కోసం కహ్కషాన్ జనగామ పోయింది. తల్లి హాజిరా బీ అక్కడే పెద్దకూతురి దగ్గర ఉంటుంది. డెబ్బై ఎనిమిదేళ్లు. ఇద్దరూ కలిసి పాత దుకాణం దాకా నడిచారు. అదిప్పుడు టిఫిన్ హోటల్. పరదా కట్టిన చోట గ్యాస్ పొయ్యి ఉంది. లేత్‌ను నేలకు బిగించిన నాలుగు బోల్టుల రంధ్రాలను సిమెంటుతో పూడ్చారు, రంగు తేడా తెలుస్తోంది. ఆ నాలుగింటి మధ్య ఒక బల్ల. వాళ్లు అక్కడే కూర్చున్నారు.

"ఏం కావాలె అక్కా?" అని హోటలతను అడిగాడు. చాయ్ చెప్పింది. గాలి ఎంత గట్టిగా పీల్చినా మాడిన నూనె వాసనే వచ్చింది. ఇది తుపాకీ కర్రకు రాసే ఆ నూనె కాదు.

"అమ్మీ, అబ్బా లేత్ అమ్మేటప్పుడు నన్ను ఒక్క మాట ఎందుకు అడగలే?"

పాతికేళ్లు పట్టింది ఆ మాట నోట్లోంచి రావడానికి. అడగవలసిన మనిషి పోయిన తర్వాత వచ్చింది.

హాజిరా బీ చాయ్ ఊదుకుంటూ చెప్పింది. "నిన్ను వరంగల్ పంపిందే అందుకు. నువ్వుంటే వద్దంటవు. నువ్వు వద్దంటే ఆయన అమ్మకపోవు. అమ్మకపోతే పొయ్యి ఎట్ల వెలగాలె? ఆ దినం లేత్ బండి మీదికి ఎక్కించినంక, నువ్వు కూసునే పీట ఎత్తుకొని ఇంటికొచ్చిండు. ఎక్కడ పెట్టాలెనో తెల్వక చేతులనే పట్టుకొని నిలబడ్డడు."

"నా పని మంచిగుందని ఎన్నడన్న అన్నడా?"

ముసలామె ఆలోచించింది. అబద్ధం చెప్పి సంతోషపెట్టవచ్చు. పెట్టలేదు. "నాతోని అనలే బేటీ. ఎవ్వరితోని అనలే. చెయ్యి వణికే సంగతి ఎక్కడ బయటపడుతదోనని భయం. ఆ భయంలనే పోయిండు."

లైసెన్సు కాగితం దొరికింది. అంచులు చిరిగింది గాని నంబరు కనిపిస్తోంది. చలికాలంలో దరఖాస్తు పెట్టింది. దుకాణం గది కొలతలు అడిగారు, ఇచ్చింది. ఇనుప అల్మారా ఉండాలన్నారు, పెట్టించింది. ఒకసారి వచ్చి చూసిపోయారు. ఇంకో కాగితం కావాలన్నారు, అదీ ఇచ్చింది. నేను ఇది రాసే నాటికి అవుననీ రాలేదు, కాదనీ రాలేదు. బయ్యారం నుంచి ఒకరు, చెల్పూర్ వైపు నుంచి ఒకరు రఘునాథ్ పేరు చెప్పి వచ్చారు. రింగులు, దుర్బీను వరకు చూసి పంపింది. మిగతాదానికి జవాబు వచ్చే దాకా ఆగమంది.

నేనొకసారి అడిగాను, రాకపోతే ఏం చేస్తావని.

"ఏం చేస్త సార్? కండ్లద్దాలు చేస్త," అంది. చేతిలో ఉన్న ఫ్రేము కీలుకు స్క్రూ పెట్టి తిప్పింది. తర్వాత తల ఎత్తకుండానే చెప్పింది. "దరఖాస్తుల ఒక గడి ఉంటది సార్. పనిల అనుభవం ఎన్నేండ్లు, ఎక్కడ అని. నేను పొద్దంత ఆ గడి ఖాళీగ పెట్టుకొని కూసున్న. ఆఖరుకు రాసిన. ఎనిమిదేండ్లు, అబ్దుల్ బారీ దుకాణం, జనగామ. రాసినంక చదువుకున్న. మళ్ల ఒక్కసారి చదువుకున్న."

గఫార్ లోపలి నుంచి చాయ్ తాగుతావా అని కేకేశాడు. ఆమె వినిపించుకోలేదు.